రాత్రంతా కన్ను మూయలేదండీ!

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా నిద్ర గురించే. పరీక్షల కాలం, దానికి తోడు ఉక్కపోత. నేను విశాఖలో ముప్పై ఏళ్ళ పైచిలుకు డిగ్రీ అమ్మాయిలకి సైకాలజీ చెప్పాను. ‘చైతన్య స్థితులు’ అనే పాఠం ఏం ఖర్మో గానీ ప్రతి ఏడాదీ మధ్యాహ్నం భోజనాల తర్వాత పీరియడ్‌లోనే పడేది. నిద్ర గురించి చెబుతుంటే వెనక బెంచీల్లో తలలు వాలిపోయేవి. దగ్గరకెళ్ళి భుజం తడితే అందరిదీ ఒకటే మాట: “లేదు మేడమ్, వింటున్నాను.” చాలా ఏళ్ళు అది అబద్ధమే అనుకున్నాను. పాపం, ఆ పిల్లలు అబద్ధం చెప్పలేదని తర్వాతెప్పుడో అర్థమైంది. ఎలాగో మొదటి జవాబులో చెబుతాను.

ప్రశ్న: నా వయసు 68. రిటైరయ్యాక ఎంవీపీ కాలనీలో ఉంటున్నాం. మూడు నెలలుగా రాత్రంతా కన్ను మూయడం లేదు. మా ఆవిడేమో ‘మీ గురకతో నాకు నిద్ర లేదు’ అంటోంది. ఇద్దరిలో ఎవరిది అబద్ధం?
— ఒక రిటైర్డ్ ఉద్యోగి

ఎవరిదీ కాదండీ. మీకు తెలిసింది మీరు చెబుతున్నారు, ఆవిడ విన్నది ఆవిడ చెబుతున్నారు. చిక్కల్లా ఒకటే. నిద్రపోయిన మనిషి తన నిద్రకు తాను సాక్షిగా ఉండలేడు.

మన భాషలో ‘మాగన్ను’ అని ఎంత చక్కటి మాట ఉందో చూడండి. అటు మెలకువా కాదు, ఇటు నిద్రా కాదు. జర్మనీలో హాన్స్ బెర్గర్ అనే డాక్టరు మనిషి మెదడులోని విద్యుత్ తరంగాలను తలమీద నుంచే నమోదు చేయవచ్చని 1929లో ప్రకటించాడు. ఈఈజీ అనే ఆ పద్ధతి వచ్చాక నిద్రపోయేవాళ్ళ తలలకి తీగలు అంటించి చూడటం మొదలైంది. కళ్ళు మూసుకుని ఊరికే పడుకున్నప్పుడు సెకనుకి 8 నుంచి 12 సార్లు కదిలే ఆల్ఫా తరంగాలు కనిపిస్తాయి. మాగన్ను రాగానే అవి చెదిరిపోయి నెమ్మదిస్తాయి. సరిగ్గా అప్పుడు లేపితే చాలామంది ‘నిద్రేంటి, ఏదో ఆలోచించుకుంటున్నాను’ అంటారు. మా వెనక బెంచీ పిల్లల సంగతి అదన్నమాట.

విలియం డెమెంట్ అనే అమెరికన్ నిద్రా శాస్త్రవేత్త చేసిన ప్రయోగం ఒకటుంది. ఒకతన్ని పడుకోబెట్టి, రెప్పలు మూతపడకుండా టేపు అంటించి, మొహం మీద లైటు మెరిసిన ప్రతిసారీ మీట నొక్కమన్నారు. కాసేపు బుద్ధిగా నొక్కాడు. ఒకసారి కళ్ళ ముందే లైటు మెరిసినా నొక్కలేదు. ఏమయ్యా అంటే ‘లైటు వెలగలేదుగా’ అన్నాడు. మెదడు తరంగాలు చూస్తే ఆ ఒకటి రెండు సెకన్లు అతను నిద్రపోయాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి, పోయిన సంగతి మాత్రం తెలియలేదు.

మీ విషయానికి వద్దాం. రాత్రి నిద్ర ఒకే తాన్లా సాగదు. సుమారు 90 నిమిషాలకొక ఆవృత్తిగా నాలుగైదు సార్లు తిరుగుతుంది. ఒక్కో ఆవృత్తి చివర కాస్త మెలకువ రావడం మామూలే. వయసు పెరిగేకొద్దీ ఒళ్ళు తెలియని గాఢనిద్ర తగ్గుతుంది, ఈ చిన్న మెలకువలు పెరుగుతాయి. రెండింటికి గడియారం చూసింది గుర్తుంటుంది, మూడున్నరకి చూసింది గుర్తుంటుంది. మధ్యలో పోయిన నిద్ర గుర్తుండదు. గుర్తున్నవి రెండూ కలిపి కుట్టేస్తే ‘రాత్రంతా’ అయిపోతుంది.

మా మామగారూ ఇంతే. పాత పోస్టాఫీసు దగ్గర ఇల్లు. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని ‘రాత్రంతా ఓడ కూతలు లెక్కపెడుతూనే ఉన్నాను’ అనేవారు. ఒక మే నెలలో అర్ధరాత్రి కరెంటు పోయి రెండు గంటల తర్వాత వచ్చింది. మేమందరం అరుగు మీద కూర్చుని విసనకర్రలతో విసురుకున్నాం. తెల్లారాక మామూలుగానే ‘కన్ను మూయలేదమ్మా’ అన్నారు. ‘మరి కరెంటు లేక ఎలా పడుకున్నారు మావయ్యగారూ?’ అంటే ‘ఏ కరెంటు?’ అన్నారు. మా అత్తగారు నవ్విన నవ్వు వీధి చివరిదాకా వినిపించింది.

గడియారాన్ని గోడవైపు తిప్పి పెట్టండి. పక్క మీద పడుకుని నిద్ర కోసం ఎదురుచూడొద్దు. ఇరవై నిమిషాల్లో రాకపోతే లేచి, మసక వెలుతురులో ఏదైనా చదువుకుని, మగత వచ్చాకే మళ్ళీ పడుకోండి. నవ్వి వదిలేయకూడనిది మాత్రం ఒకటుంది. గురక మధ్యలో ఆగిపోయి, కాసేపటికి ఉక్కిరిబిక్కిరైనట్టు మళ్ళీ మొదలవుతోందా? ఇది మీరు చెప్పలేరు, మీ ఆవిడనే అడగండి. అవునంటే, పగలు కూడా పేపరు చేతిలో ఉండగానే కునుకు పడుతుంటే డాక్టరుకు చూపించుకోండి. గొంతు దారి మూసుకుపోయి ఊపిరి ఆగే స్లీప్ ఆప్నియా కావచ్చు. మందుల షాపులో అడిగి నిద్రమాత్ర తెచ్చుకోవడం ఈ పరిస్థితిలో ప్రమాదం.

ప్రశ్న: మా ఆయనది ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. సి షిఫ్టు (రాత్రి డ్యూటీ) వారంలో ఉదయం ఏడింటికి ఇల్లు చేరతారు. ఎనిమిదింటికి పడుకుంటే పన్నెండు కాకుండానే లేచి కూర్చుంటారు. ఆ వారమంతా చిరాకు, పిల్లల మీద అరుపులు. మా అత్తగారు ‘పగలంతా పడుకునే ఉంటాడు, ఇంకెంత నిద్ర కావాలి?’ అంటారు. ఏం చెయ్యాలి?
— ఒక గృహిణి, గాజువాక

అమ్మా, ఈ ఉత్తరం నేనే రాశానేమో అనిపించింది. మా వారు 27 ఏళ్ళు ఇదే డ్యూటీ చేశారు.

నిద్రను రెండు శక్తులు లాగుతుంటాయి. ఒకటి బాకీ. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటూ మనల్ని పక్కవైపు తోస్తుంది. టీ, కాఫీల్లోని కెఫీన్ చేసే పనల్లా ఆ అడినోసిన్ కూర్చోవలసిన కుర్చీలో తాను కూర్చోవడం. బాకీ తీరదు, కనబడకుండా పోతుంది, అంతే. రెండోది గడియారం. కంటి నరాలు కలిసేచోటికి కాస్త పైన, సుమారు 20 వేల కణాల చిన్న గుత్తి ఒకటి ఉంది. వెలుతురును బట్టి ఒళ్ళంతటికీ అది వేళ చెబుతుంది. మీ ఆయన పడుకునేసరికి బాకీ బోలెడంత ఉంటుంది, అందుకే వెంటనే నిద్ర పడుతుంది. నాలుగు గంటలు తీరేసరికి గడియారం ‘మిట్టమధ్యాహ్నం, లే’ అంటుంది. లేచి కూర్చుంటారు. అది ఆయన మొండితనమూ కాదు, నిద్ర చాలిపోయిందనీ కాదు.

అలవాటైపోతుంది కదా అంటారు కొందరు. 1938లో నతానియేల్ క్లైట్‌మన్ అనే ప్రొఫెసరు, ఆయన విద్యార్థి ఒకరు అమెరికాలోని మామత్ గుహలో పగలూ రాత్రీ తెలియని చీకట్లో 32 రోజులున్నారు. రోజుకి 28 గంటలు పెట్టుకుని బతికి చూశారు. కుర్రవాడికి ఆ లెక్క అలవాటైంది. 43 ఏళ్ళ ప్రొఫెసరుకి ఎంతకీ కాలేదు, ఆయన ఒళ్ళు 24 గంటల లెక్కనే పట్టుకుంది. కాబట్టి ‘ఫలానా వాళ్ళాయన బాగానే పడుకుంటాడుగా’ అనే పోలిక తేకండి.

మీవైపు దారి నాకు తెలుసు. కూర్మన్నపాలెం నుంచి గాజువాక వస్తుంటే పొద్దుటి ఎండ మొహానికే కొడుతుంది. ‘తెల్లారింది’ అని గడియారానికి గట్టిగా చెప్పేది ఆ ఎండే. వచ్చేటప్పుడు నల్లకళ్ళద్దాలు పెట్టుకోమనండి. అయితే కళ్ళు మూతలు పడుతున్న రోజున బండే వద్దు, బస్సెక్కమనండి. పైన చెప్పిన లైటు ప్రయోగం గుర్తుందిగా, రోడ్డు మీద రెండు సెకన్లంటే లారీ కిందే. డ్యూటీలో ఆఖరి టీ రాత్రి రెండు లోపే అయిపోవాలి. తాగిన కెఫీన్‌లో సగం అయిదు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది.

ఇంట్లో ఏం చేశానో చెబుతాను. కిటికీ అద్దాలకి నల్ల చార్టులు అంటించాను. చూడ్డానికి బాగుండలేదు, చుట్టాలు అడిగారు కూడా. సి షిఫ్టు వారంలో కుక్కరు విజిళ్ళన్నీ ఆయన రాకముందే అయిపోవాలి. కాలింగ్ బెల్ స్విచ్చి తీసేసేదాన్ని. చెత్తబండి పాటని మాత్రం ఏమీ చెయ్యలేకపోయాను. మధ్యాహ్నం లేచిపోతే బతిమాలొద్దు. భోంచేసి, రాత్రి డ్యూటీకి బయలుదేరే ముందు గంటన్నర మళ్ళీ పడుకోనివ్వండి. మీ అత్తగారికి ఒకటే చెప్పండి: ఆవిడని రాత్రి రెండింటికి లేపి, అన్నం పెట్టి, ఎనిమిది గంటలు పని చేయించి, ఆ తర్వాత వెలుతురులో పడుకోమంటే ఎంతసేపు పడుకుంటారో. లేదా మీరు చెప్పొద్దులెండి, ఈ పేజీ టీవీ పక్కన పెట్టండి.

ప్రశ్న: మద్దిలపాలెం హాస్టల్లో ఉంటూ డిగ్రీ చదువుతున్నాను. నెలలో రెండు మూడుసార్లు తెల్లవారుజామున మెలకువ వస్తుంది గానీ కాలూ చెయ్యీ కదలవు, నోరు పెగలదు. గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుంటుంది. తలుపు దగ్గర ఎవరో నిలబడినట్టు కూడా ఉంటుంది. రూమ్మేట్స్ దయ్యం అంటున్నారు. ఇంట్లో చెబితే చదువు మాన్పిస్తారేమోనని టెన్షన్.
— ఒక విద్యార్థిని

తల్లీ, దయ్యం కాదు. పిచ్చి కూడా కాదు. దీన్ని స్లీప్ పెరాలసిస్ అంటారు. జీవితంలో ఒక్కసారైనా ఇది వచ్చినవాళ్ళు చాలామందే ఉంటారు, బయటికి చెప్పరంతే. నాకు బీఈడీ చదివేటప్పుడు వచ్చింది. మా అమ్మమ్మ దిండు కింద ఇనప అట్లకాడ పెట్టింది.

షికాగోలో యూజీన్ అసెరిన్‌స్కీ అనే పరిశోధక విద్యార్థి తన ఎనిమిదేళ్ళ కొడుకు కళ్ళ దగ్గర తీగలు అంటించి, నిద్రలో కళ్ళు ఎలా కదులుతాయో రాత్రంతా కాచుకుని చూశాడు. ఉన్నట్టుండి మెలకువలో ఉన్నట్టే కళ్ళు చకచకా కదిలాయి. పిల్లాడు మాత్రం గాఢంగా నిద్రపోతున్నాడు. 1953లో అసెరిన్‌స్కీ, ఆయన గురువు కలిసి ఆ సంగతి ప్రచురించారు. ఆ గురువెవరనుకున్నారు? గుహలో నిద్రపట్టని క్లైట్‌మన్ గారే. కళ్ళు ఇలా చకచకా కదిలే దశను రెమ్ నిద్ర అంటాం. స్పష్టమైన కలలు ఎక్కువగా వచ్చేది ఇందులోనే. కలలో పరిగెడితే నిజంగా లేచి పరిగెత్తకుండా మెదడు ఆ సమయంలో ఒంటి కండరాలకి తాళం వేస్తుంది. కళ్ళకీ ఊపిరికీ మాత్రం తాళం ఉండదు. ఒక్కోసారి మనసు ముందు లేస్తుంది, తాళం తీయడం ఆలస్యమవుతుంది. ఆ కాసేపూ కల తోక ఇంకా మెలకువలోకి వేలాడుతుంటుంది. తలుపు దగ్గర నిలబడింది ఆ తోకే. రెమ్‌లో ఊపిరి పైపైనే ఆడుతుంది. గట్టిగా పీల్చుకుందామంటే ఛాతీ మాట వినదు. గుండెల మీద బరువు అదే.

వెల్లకిలా పడుకున్నప్పుడు, నిద్ర చాలనప్పుడు, వేళలు తప్పినప్పుడు ఇది ఎక్కువ. పక్కకి తిరిగి పడుకో. వచ్చినప్పుడు మొత్తం ఒళ్ళు కదపాలని పెనుగులాడకు, ఒక్క కాలి వేలు కదపడానికి చూడు. సెకన్లలో, మహా అయితే ఒకటి రెండు నిమిషాల్లో పోతుంది. పగలు కూడా నవ్వినప్పుడో కోపం వచ్చినప్పుడో ఒళ్ళు సడలిపోయి, ఆపుకోలేని నిద్ర ముంచుకొస్తుంటే మాత్రం డాక్టరుకు చెప్పాలి. అట్లకాడ సంగతి అంటావా, పెట్టుకుంటే నష్టం లేదు. నాకు ధైర్యంగా ఉండేది.

ప్రశ్న: బీటెక్ రెండో సంవత్సరం. చెవిలో పాటలు, పక్కన ఫోను ఉంటేనే నాకు చదువు ఎక్కుతుంది. నాన్నగారు ఒప్పుకోరు. మల్టీటాస్కింగ్ తప్పా మేడమ్?
— ఒక విద్యార్థి, గోపాలపట్నం

ఎక్కుతోందని ఎవరు చెప్పారు బాబూ? నువ్వే కదా. అక్కడే నా అనుమానం.

ఇంగ్లండులో కోలిన్ చెర్రీ అనే ఆయన 1953లో కొందరికి రెండు చెవుల్లో రెండు వేరు వేరు ప్రసంగాలు వినిపించి, ఒకటి మాత్రం వింటూ పైకి చెప్పమన్నాడు. తర్వాత రెండో చెవిలో ఏం వచ్చిందని అడిగితే దాదాపు ఏమీ చెప్పలేకపోయారు. మగగొంతు ఆడగొంతుగా మారితే పట్టారు గానీ, ఇంగ్లిషు కాస్తా జర్మన్ అయిపోతే పట్టలేదు. తర్వాత 1959లో నెవిల్ మోరే అనే మరో పరిశోధకుడు ఆ వినని చెవిలో వాళ్ళ పేర్లే పలికించాడు. మూడింట ఒక వంతు మంది విన్నారు. పూర్ణా మార్కెట్‌లో అంత గోలలోనూ ‘అమ్మా’ అనే పిలుపుకి తల తిప్పే తల్లిని చూశావుగా? వాకిలి మూసి ఉన్నా సందులోంచి సొంత మాట దూరుతుంది. ఫోను మోత చేసేదీ అదే. నువ్వు చూడకపోయినా నీ పేరు పిలిచినట్టే ఉంటుంది ఆ మోత.

క్లాసులో మా పిల్లలకి ఒక వీడియో వేసేదాన్ని. 1999లో సైమన్స్, చాబ్రిస్ అనే ఇద్దరు చేసిన ప్రయోగం. తెల్ల చొక్కాల వాళ్ళు బంతిని ఎన్నిసార్లు అందించుకున్నారో లెక్కపెట్టాలి. మధ్యలో గొరిల్లా వేషం వేసుకున్న మనిషి వచ్చి, నడుమ నిలబడి గుండెలు బాదుకుని వెళ్తుంది. వాళ్ళ ప్రయోగంలో సుమారు సగం మంది అసలు చూడలేదు. మా క్లాసులో ఒకమ్మాయి, ఇప్పుడు తనే లెక్చరర్, రెండోసారి వేసినప్పుడు లేచి ‘మేడమ్, మీరు వీడియో మార్చేశారు’ అని గొడవపెట్టుకుంది. లెక్క మాత్రం సరిగ్గా చెప్పింది!

మాటలున్న పాట, మాటలున్న పుస్తకం ఒకే ఇరుకు సందులోంచి వెళ్ళాలి. లెక్కల అభ్యాసం చేస్తూ వాయిద్యం వింటానంటే నాకేమీ అభ్యంతరం లేదు. థియరీ చదివేటప్పుడు వద్దు. ఫోను పక్క గదిలో పెట్టు. పరీక్షించుకోవాలంటే ఒక పాఠం పాటతో, ఒకటి పాట లేకుండా చదివి, మర్నాడు పుస్తకం మూసి రాసి చూడు. ఎక్కిందో లేదో ఆ కాగితం చెబుతుంది.

ఇంకొకటి. బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామిలోకి దిగి చూశావా? నీళ్ళలో చప్పుళ్ళు పట్టే సోనార్ ముందు కూర్చునే ఆ ఇరుకు జాగా చూస్తే నాకు నార్మన్ మాక్‌వర్త్ అనే సైకాలజిస్టు గుర్తొస్తాడు. రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్ తెర చూసేవాళ్ళు శత్రువు జాడని ఎందుకు పోగొట్టుకుంటున్నారో కనిపెట్టడం ఆయన పని. గడియారంలాంటి పరికరంలో ముల్లు ఎప్పుడో ఒకసారి రెండంగలు దూకుతుంది, అది పట్టుకోవాలి. మొదటి అరగంట దాటేసరికే తప్పులు బాగా పెరిగాయి. అరగంటకోసారి లేచి అటూ ఇటూ తిరిగితే మీ నాన్నగారు తిట్టకూడదు. ఆయనకీ ఇది చూపించు.

ప్రశ్న: పరీక్షల నెలలో రోజుకి నాలుగు గంటల నిద్ర చాలదా? నాకేమీ నిద్రమత్తుగా అనిపించడం లేదు.
— ఇంటర్ విద్యార్థిని, ఆరిలోవ

అనిపించదు తల్లీ, అదే ప్రమాదం. 2003లో అమెరికాలో కొందరిని 14 రాత్రులు రోజుకి నాలుగు గంటలో ఆరు గంటలో మాత్రమే పడుకోనిచ్చారు. రోజురోజుకీ చురుకుదనం పడిపోతూనే ఉంది. ‘ఎంత నిద్ర వస్తోంది?’ అని అడిగితే మాత్రం కొద్ది రోజుల తర్వాత పెద్ద తేడా చెప్పలేదు, అలవాటైపోయిందనుకున్నారు. లక్ష్మణుడి నిద్ర ఊర్మిళ తీసుకున్నట్టు నీ నిద్ర తీసుకునేవాళ్ళెవరూ లేరు. పైగా చదివింది గట్టిపడేది నిద్రలోనే. ఎనిమిది గంటలకి తగ్గకు.

ప్రశ్న: మాండూక్యోపనిషత్తు జాగ్రత్, స్వప్న, సుషుప్తి, తురీయమని చెప్పింది. మీ పాశ్చాత్యులు ఇప్పుడు చెప్పేది అదే కదా?
— ఒక తెలుగు మాస్టారు, సింహాచలం

మాస్టారూ, మొదటి మూడూ, అంటే మెలకువ, కల, గాఢనిద్ర, పైపైన సరిపోతాయి. కానీ అదే కాదు. పన్నెండు మంత్రాల ఆ చిన్న ఉపనిషత్తు అడిగేది ‘ఈ మూడింటినీ చూసేదెవరు?’ అని. ఈఈజీ అడిగేది ‘ఇప్పుడు మెదడులో ఏం జరుగుతోంది?’ అని. ఆ మూడింటికీ అవతలిదైన తురీయానికి తీగలు అంటించి, ఇదిగో ఈ తరంగమే అది అనేవాళ్ళని నేను నమ్మను. ఈ రెండు దారుల మధ్య మాట కలపాలని మన ఆంధ్రా యూనివర్సిటీలో సైకాలజీ ప్రొఫెసరుగా పనిచేసిన కోనేరు రామకృష్ణారావు గారు జీవితమంతా కృషి చేశారు. ఆయన చేసిన పారాసైకాలజీ (అతీంద్రియ శక్తుల పరిశోధన) నాకు పడదు గానీ చైతన్యం మీద ఆయన ఆలోచన మీద నాకు గౌరవం.

మీరు క్లాసులో చెప్పే ఉంటారు: ‘సుఖమహమస్వాప్సం, న కించిదవేదిషమ్’. హాయిగా నిద్రపోయాను, ఏమీ తెలియలేదు. ఏమీ తెలియకపోతే హాయిగా ఉందని ఎలా తెలిసింది? వేదాంతులు అక్కడ ఒక సాక్షిని నిలబెట్టారు. నేను సైకాలజీ మనిషిని కాబట్టి, అది లేచాక ఒళ్ళు తేలిగ్గా ఉండటం చూసి వేసుకున్న లెక్క అంటాను. మీరు ఒప్పుకోరని తెలుసు. ఎంవీపీ కాలనీ ఆయనకైతే ఆ సాక్షి రాత్రంతా సెలవు పెట్టినట్టుంది.

ప్రశ్న: తెల్లవారుజామున వచ్చిన కల నిజమవుతుందా?
— పేరు రాయలేదు

రాత్రి గడిచేకొద్దీ రెమ్ దశలు పొడవవుతాయి. తెల్లవారుజామునే పెద్ద కలలు వస్తాయి, అప్పుడే మెలకువా వస్తుంది కాబట్టి గుర్తుంటాయి. పదకొండింటికి వచ్చిన కలని పోల్చి చూద్దామంటే అది మనకి గుర్తే లేదు కదా. మా అమ్మకి ఒకసారి తెల్లవారుజామున భీమిలి ఒడ్డున ఇసకలో బంగారు గాజు దొరికినట్టు కల వచ్చింది. పన్నెండేళ్ళపాటు భీమిలి వెళ్ళినప్పుడల్లా చెప్పులు విప్పి కాళ్ళతో ఇసక తవ్వుతూ నడిచేది. ఒకసారి పావలా దొరికింది.